సనదు లేని జవాబు: ఇస్లామీయ విద్యలో కృత్రిమ మేధకు చోటు ఎక్కడ, హద్దు ఎక్కడ

ఒక విద్యార్థి కృత్రిమ మేధతో పనిచేసే చాట్‌బాట్‌ను తల్లిదండ్రుల సేవ గురించి ఒక హదీసు (ప్రవక్త మాటనో చేతనో తెలిపే ఉల్లేఖనం) చెప్పమని అడిగాడనుకుందాం. క్షణాల్లో చక్కటి భాషలో జవాబు వస్తుంది. దాని కింద ప్రసిద్ధ హదీసు సంకలనం సహీహ్ బుఖారీ పేరు, ఒక సంఖ్య కూడా ఉంటాయి. ఆ వాక్యం నిజంగానే బుఖారీ సంకలనంలో ఉండవచ్చు, మరో సంకలనంలోది పేరు మారి వచ్చి ఉండవచ్చు, రెండు వేర్వేరు హదీసుల భాగాలు అతుక్కుని ఒకటిగా తయారై ఉండవచ్చు, లేదా ఏ గ్రంథంలోనూ లేకపోవచ్చు. ఈ నాలుగింటిలో ఏది జరిగినా తెర మీద కనిపించే రూపంలో తేడా ఉండదు. ఇస్లామీయ విద్యలో కృత్రిమ మేధను వాడవచ్చా, వాడితే ఏ మేరకు అన్న చర్చ చాలాసార్లు కొత్త సాంకేతికత మంచిదా చెడ్డదా అన్న స్థూలమైన వాదంగా మారిపోతోంది. ఆ చర్చను నడపగల కొలమానం మాత్రం ఇస్లామీయ విజ్ఞాన సంప్రదాయంలోనే పన్నెండు శతాబ్దాలకు పైగా ఉంది. దాని పేరు ఇస్నాద్ (సనదు అన్నా ఇదే), అంటే ఒక మాట ఎవరి నుంచి ఎవరికి చేరుతూ వచ్చిందో చెప్పే పరంపర.

ప్రవక్త ముహమ్మద్ (స) పేరు మీద ఉద్దేశపూర్వకంగా అబద్ధం కల్పించినవాడు నరకంలో తన చోటు చూసుకోవాలన్న హెచ్చరిక అనేకమంది సహాబీల (ప్రవక్త సహచరుల) ద్వారా, అనేక మార్గాల్లో మనకు చేరింది. దీన్ని తీవ్రంగా తీసుకున్న తొలి తరాల పండితులు, మాటతో పాటు మాట తెచ్చిన మనిషిని కూడా పరీక్షించే పద్ధతిని పెంపొందించారు. ఇమామ్ ముస్లిం (మరణం 875) తన సహీహ్ సంకలనానికి రాసిన ముందుమాటలో ఈ విషయమై ఇద్దరి మాటలను ఉటంకించారు. ఈ జ్ఞానమే ధర్మం కనుక మీ ధర్మాన్ని ఎవరి దగ్గర తీసుకుంటున్నారో చూసుకోండని ఇబ్ను సీరీన్ (మరణం 729) అన్నారు. ఇస్నాద్ ధర్మంలో భాగమనీ, అదే లేకపోతే ఎవరికి తోచింది వారు చెప్పేవారనీ అబ్దుల్లాహ్ ఇబ్నుల్ ముబారక్ (మరణం 797) అన్నారు. యంత్రాల ఊహ కూడా లేని కాలంలో అన్న ఈ రెండు మాటలూ నేటి సమస్యకు సూటిగా తగులుతాయి.

హదీసు శాస్త్రం ఒక ఉల్లేఖకుడిలో ప్రధానంగా రెండు గుణాలు చూస్తుంది. మొదటిది అదాలా, అంటే దైవభీతి, సత్యసంధత, నడవడిలో నిజాయితీ. రెండవది జబ్త్, అంటే విన్నదాన్ని విన్నట్టు గుర్తుంచుకుని, లేదా రాసి భద్రపరచి, మార్పు లేకుండా చెప్పగల ఖచ్చితత్వం. ఎంతో భక్తిపరుడైనా జ్ఞాపకశక్తి బలహీనమైనవాడి ఉల్లేఖనాన్ని పండితులు పక్కన పెట్టారు. జ్ఞాపకశక్తి గట్టిదైనా అబద్ధాలకోరు అని తేలినవాడి మాటను అసలే స్వీకరించలేదు. ఒకదానిలోని కొరతను మరొకటి పూడ్చదు. ఇప్పుడు కృత్రిమ మేధను ఈ రెండింటి ముందు నిలబెట్టి చూడాలి.

భాషా నమూనా అని పిలిచే ఈ యంత్రం కోట్లాది పుటల పాఠాన్ని చదివి, ఒక పదం తర్వాత ఏ పదం రావటానికి ఎక్కువ అవకాశం ఉందో నేర్చుకుంటుంది. అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చేటప్పుడు అది తానుగా ఏ గ్రంథాన్నీ తెరచి చూడదు. తాను నేర్చుకున్న పోలికలను బట్టి తర్వాతి పదాన్ని, ఆ తర్వాతి పదాన్ని పేర్చుకుంటూ పోతుంది. హదీసుల శైలిని అది వేలసార్లు చూసింది కనుక హదీసులాగే ధ్వనించే వాక్యాన్ని తేలికగా తయారుచేయగలదు. సంఖ్య విషయంలో చిక్కు మరింత పెద్దది, ఎందుకంటే ఒకే సంకలనానికి వేర్వేరు ముద్రణలలో వేర్వేరు సంఖ్యా క్రమాలు వాడుకలో ఉన్నాయి. యంత్రం చదివిన పాఠంలో అవన్నీ కలగలిసిపోయాయి. కాబట్టి జబ్త్ అనే గుణం దానిలో నిలకడగా లేదు. అదాలా సంగతి అంతకన్నా తేలిగ్గా తేలిపోతుంది: లెక్క అప్పజెప్పవలసిన ఆత్మ లేని వస్తువుకు సత్యసంధత ఉందనటానికీ లేదనటానికీ అర్థం లేదు. "నీకు తెలియనిదాని వెంట పోకు, వినికిడి, చూపు, హృదయం అన్నీ ప్రశ్నించబడతాయి" అన్న ఖురాన్ ఆదేశం (17:36) మనిషికి వర్తిస్తుంది, యంత్రానికి కాదు.

అయితే ఉల్లేఖకుడిగా పనికిరానిది విద్యలో ఎందుకూ పనికిరాదని తేల్చేస్తే అది తొందరపాటే అవుతుంది. గ్రంథాల చివర ఉండే విషయసూచిక కూడా ఉల్లేఖకుడు కాదు, దానికీ అదాలా లేదు. అయినా దాని సాయంతో చేరవలసిన పుటకు చేరి, అక్కడ అసలు పాఠాన్ని మన కళ్లతో చూస్తాం. కృత్రిమ మేధ పరంపరను దాచిపెట్టి తానే మూలం అయి కూర్చున్నచోట అది హానికరం. పరంపర దగ్గరకు విద్యార్థిని నడిపించినచోట ప్రయోజనకరం. నా దృష్టిలో ఈ రంగంలోని దాదాపు ప్రతి చిక్కుముడినీ ఈ ఒక్క తేడాతో విప్పవచ్చు.

గ్రంథం ముందు పెట్టి జవాబు చెప్పించటం

ఈ తేడాను సాంకేతికంగా సాధించే మార్గం ఒకటి ఇప్పటికే వాడుకలో ఉంది. యంత్రాన్ని దాని జ్ఞాపకం నుంచి జవాబు చెప్పనివ్వకుండా, ముందుగా పండితులు పరిశీలించి ఆమోదించిన గ్రంథాల నిధిలో వెతికించి, దొరికిన భాగాలను దాని ముందు పెట్టి, వాటి ఆధారంగానే, వాటిని చూపిస్తూనే జవాబు రాయించే పద్ధతి ఇది. ఇందుకు కావలసిన ముడిసరుకు కూడా తక్కువేమీ లేదు. లీడ్స్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఖురానిక్ అరబిక్ కార్పస్ ఖురాన్‌లోని ప్రతి పదానికీ వ్యాకరణ విశ్లేషణను అందుబాటులో ఉంచింది. అల్ మక్తబతుష్ షామిలా వంటి డిజిటల్ గ్రంథాలయాలు వేలాది అరబీ గ్రంథాలను వెతకటానికి వీలుగా తెచ్చాయి. ప్రపంచ ముస్లింలలో అత్యధికుల మాతృభాష అరబీ కాదన్న సంగతి గుర్తుంచుకుంటే, ఒక సాధారణ విద్యార్థి ఇంతటి సాహిత్యం దగ్గరకు తన భాషలో ప్రశ్న వేసి చేరగలగటం ఎంత పెద్ద మేలో అర్థమవుతుంది.

కానీ ఈ పద్ధతి కూడా సమస్యను పూర్తిగా తీర్చదు. వెతకటానికి వీలుగా గ్రంథాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. ఖురాన్‌లో 107వ సూరా (అధ్యాయం) అయిన అల్ మాఊన్‌లో నాలుగో ఆయతును (వాక్యాన్ని) విడిగా తీస్తే "నమాజు చేసేవారికి వినాశం" అని మాత్రమే ఉంటుంది. తమ నమాజు పట్ల నిర్లక్ష్యంగా ఉండేవారు అన్న వివరణ ఐదో ఆయతులో వస్తుంది. ముక్క సరైనదే, మూలం సరైనదే, ఉటంకింపులో అక్షరం కూడా తప్పు లేదు, అయినా అర్థం తలకిందులైంది. మద్యం విషయంలో కూడా ఇంతే. అందులో లాభం కన్నా పాపం ఎక్కువని చెప్పే ఆయతు (2:219), మత్తులో నమాజు దగ్గరకు రావద్దనే ఆయతు (4:43), దాన్ని పూర్తిగా విడిచిపెట్టమనే ఆయతు (5:90) క్రమంగా వచ్చిన ఆదేశాలు. మొదటిది మాత్రమే యంత్రానికి దొరికితే, అది ఆధారంతో సహా తప్పు పాఠం చెబుతుంది. అందుకే తఫ్సీర్ (ఖురాన్ వ్యాఖ్యాన) విద్యలో ఆయతు ఎప్పుడు, ఏ సందర్భంలో అవతరించింది, తర్వాత ఏ ఆదేశం దాన్ని మార్చింది అన్నవి పునాది పాఠాలుగా ఉంటాయి. గ్రంథనిధిని ముక్కలు చేసేవారు ఆ విద్య తెలిసినవారై ఉండాలి, లేదా అది తెలిసినవారి పక్కన కూర్చుని పనిచేయాలి.

తిలావత్ నేర్పటంలో యంత్రం చెవి

కృత్రిమ మేధ అన్నిటికన్నా ఎక్కువగా చొచ్చుకుపోయిన రంగం ఖురాన్ పఠనం (తిలావత్), కంఠస్థం (హిఫ్జ్). తర్తీల్ వంటి యాప్‌లు విద్యార్థి చదువుతుండగా వింటూ, ఏ పదం తప్పిపోయిందో, ఏ ఆయతు దాటిపోయిందో వెంటనే చూపిస్తాయి. హిఫ్జ్ చేసేవారికి ఇది ఎంత ఉపయోగమో ఆ బాటలో నడిచినవారికి చెప్పనక్కర లేదు. పాత పాఠాన్ని రోజూ తిరగేసుకోవాలి, వినేవారు కావాలి. ఉస్తాద్ ఒక్కరే ఉండి, విద్యార్థులు చాలామంది ఉన్నచోట ప్రతి ఒక్కరి పునశ్చరణనూ ఆయన పూర్తిగా వినలేరు. ఇంటి దగ్గర, అర్ధరాత్రి అయినా, ఓపికగా వినే సాధనం ఉండటం నిజమైన సాయం. ఉస్తాద్ దగ్గరకు వెళ్లే అవకాశం తక్కువగా ఉన్న స్త్రీలకూ, పుస్తకం చూడలేని అంధులకూ ఇది మరింత అవసరం.

ఇక్కడి పరిమితిని అర్థం చేసుకోవాలంటే యంత్రం ఎలా వింటుందో తెలియాలి. అది శబ్దాన్ని మాత్రమే వినదు. ఈ శబ్దం తర్వాత ఏ పదం రావాలో ముందే అంచనా వేసుకుని, ఆ అంచనాకు దగ్గరగా ఉన్నదాన్ని గుర్తిస్తుంది. ఖురాన్ పాఠం స్థిరమైనది కనుక ఆ అంచనా చాలా బలంగా ఉంటుంది. ఫలితంగా "ఖల్బ్" అనవలసిన చోట గొంతు లోపలి నుంచి రావలసిన శబ్దాన్ని ముందుకు తెచ్చి "కల్బ్" అని పలికినా, యంత్రం సరైన పదమే విన్నానని రాసుకునే ప్రమాదం ఉంది. మొదటి పదానికి హృదయమనీ రెండోదానికి కుక్క అనీ అర్థం కనుక తజ్వీద్ (ఖురాన్ ఉచ్చారణ) శాస్త్రం దీన్ని స్పష్టమైన దోషాల కోవలో చేరుస్తుంది. పదం తప్పిపోయిందా లేదా అన్నది పట్టుకోవటంలో మెరుగ్గా పనిచేసే సాధనం, అక్షరం పుట్టవలసిన చోటు నుంచి పుట్టిందా అన్నది పట్టుకోవటంలో అంత నమ్మదగినది కాకపోవచ్చు. రెండూ ఒకటేనని విద్యార్థి అనుకుంటే, పచ్చ గుర్తులు చూసి మురిసిపోతూ దోషాన్ని గట్టిపరచుకుంటాడు.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే తప్పు మరింత బాధాకరం. ఖురాన్‌కు ప్రామాణికమైన పఠన పరంపరలు అనేకం ఉన్నాయి. ప్రపంచంలో ఎక్కువమంది ఆసిమ్ నుంచి హఫ్స్ ద్వారా వచ్చిన పఠనాన్ని అనుసరిస్తే, ఉత్తర, పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో నాఫిఅ నుంచి వర్ష్ ద్వారా వచ్చిన పఠనం విస్తృతంగా ఉంది. అల్ ఫాతిహా సూరాలో హఫ్స్ పఠనం "మాలికి యౌమిద్దీన్" అని దీర్ఘంతో ఉంటుంది. వర్ష్ పఠనంలో అది "మలికి" అని హ్రస్వంతో ఉంటుంది. రెండూ సరైనవే, రెండింటికీ ప్రవక్త (స) వరకు పరంపర ఉంది. కేవలం హఫ్స్ పఠనంతో శిక్షణ పొందిన యంత్రం వర్ష్ పద్ధతిలో చదివే బాలుడికి ఎర్ర గుర్తు పెడితే, ఆ గుర్తు ఒక సజీవ సంప్రదాయాన్ని తప్పు అంటున్నట్టే. హిషామ్ బిన్ హకీమ్ అల్ ఫుర్ఖాన్ సూరాను తనకు తెలియని తీరులో చదవటం విని హజ్రత్ ఉమర్ (ర) ఆయనను ప్రవక్త (స) దగ్గరకు తీసుకువెళ్లిన సంఘటన బుఖారీలోనూ ముస్లింలోనూ ఉంది. ప్రవక్త (స) ఇద్దరి చేతా చదివించుకుని, ఇద్దరిదీ అవతరించిన తీరేనని చెప్పారు. ఇద్దరినీ విన్న తర్వాతే తీర్పు చెప్పిన ఆ పద్ధతిని యాప్ తయారుచేసేవారు తమ రూపకల్పనలో మొదటి నియమంగా పెట్టుకోవాలి.

మార్కుల విషయం కూడా ఇక్కడే చెప్పాలి. విద్యార్థిని పట్టి ఉంచటానికి చాలా యాప్‌లు పాయింట్లు, వరుస రోజుల లెక్కలు, పోటీ పట్టికలు పెడతాయి. హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించిన హదీసు ప్రకారం ఖురాన్‌లో నైపుణ్యం సాధించినవారు గౌరవనీయులైన దైవదూతలతో ఉంటారు. తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు ప్రతిఫలాలు ఉంటాయి. తడబాటును తగ్గించవలసిన మార్కుగా మాత్రమే చూసే పట్టిక ఈ బోధనకు విరుద్ధమైన మనస్తత్వాన్ని పిల్లల్లో పెంచుతుంది. కర్మలు సంకల్పాలను బట్టే ఉంటాయన్న హదీసుతో బుఖారీ సంకలనం మొదలవుతుంది. చదువు ఎవరికోసం అన్న ప్రశ్నను పోటీ పట్టిక నెమ్మదిగా పక్కకు నెట్టేస్తుంది.

వినటమంటే దోషాలు పట్టటం మాత్రమే కాదన్నది కూడా ఈ సంప్రదాయం నేర్పిన సంగతి. ప్రతి రమజాన్‌లో జిబ్రీల్ (అ) ప్రవక్త (స)తో ఖురాన్‌ను పునశ్చరణ చేసేవారు, చివరి సంవత్సరం రెండుసార్లు చేశారు. ఒకసారి ప్రవక్త (స) అబ్దుల్లాహ్ ఇబ్ను మసూద్ (ర)ను తనకు చదివి వినిపించమన్నారు. అవతరించింది మీ మీదే కదా, మీకు నేను చదివి వినిపించటమా అని ఆయన అడిగితే, ఇతరుల నోట వినటం తనకు ఇష్టమన్నారు. అన్నిసా సూరాలో 41వ ఆయతు వరకు వచ్చేసరికి ప్రవక్త (స) కళ్లు కన్నీరు కారుస్తున్నాయి. ఉస్తాద్ ముందు మోకాళ్ల మీద కూర్చుని చదివే విద్యార్థి ఆ ముఖంలో చూసి నేర్చుకునేది ఏ ధ్వని విశ్లేషణలోనూ లేదు.

ఫిఖ్హ్ పాఠానికీ ఫత్వాకూ మధ్య గీత

న్యాయశాస్త్రం, అంటే ఫిఖ్హ్, నేర్చుకునే విద్యార్థికి కృత్రిమ మేధ సరిగ్గా వాడితే మంచి సహపాఠి కాగలదు. ఒక సమస్య మీద నాలుగు మజ్‌హబ్‌ల (న్యాయశాస్త్ర సంప్రదాయాల) అభిప్రాయాలను, వాటి వాదనలను పక్కపక్కన పెట్టి చూపించమని అడగవచ్చు. చదివినదాని మీద ప్రశ్నలు వేయించుకోవచ్చు. ప్రమాదం ఎక్కడంటే, మజ్‌హబ్ పేరు చెప్పకుండా అడిగినప్పుడు యంత్రం అన్నిటినీ కలిపి ఎవరిదీ కాని సగటు జవాబు తయారుచేయటంలో ఉంది. శరీరం నుంచి రక్తం కారితే వుజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) భంగమవుతుందని హనఫీలు, కాదని షాఫియీలు అంటారు. పరాయి స్త్రీపురుషుల చర్మం తాకితే వుజూ భంగమవుతుందని షాఫియీలు, కేవలం తాకటం వల్ల కాదని హనఫీలు అంటారు. ప్రతి మజ్‌హబ్‌లోనూ ఈ తీర్పుల వెనుక ఒక పొందికైన తర్కం ఉంది. రెండింటిలోనూ సులువైన సగాలను తీసి యంత్రం ఒకటిగా కుడితే, రెండు మజ్‌హబ్‌లలో ఏ దాని ప్రకారమూ చెల్లని వుజూతో విద్యార్థి నమాజుకు నిలబడతాడు. కాబట్టి ప్రతి అభిప్రాయం పక్కనా అది ఎవరిది, ఏ గ్రంథంలోది అన్న చీటీ తప్పనిసరిగా ఉండాలి.

ఫత్వా వేరే సంగతి. అది ఒక నిర్దిష్ట వ్యక్తి, తన నిర్దిష్ట పరిస్థితిలో ఏం చేయాలో చెప్పే మాట. ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం 1350) ఫత్వా ఇచ్చే ముఫ్తీల కోసం రాసిన గ్రంథానికి, విశ్వప్రభువు తరఫున సంతకం చేసేవారిని సంబోధించే శీర్షిక పెట్టారు. కాలం, స్థలం, పరిస్థితులు, సంకల్పాలు, ఆచారాలు మారితే ఫత్వా మారుతుందన్న చర్చ అందులో ప్రసిద్ధం. తలాక్ గురించి ప్రశ్న వేసిన మనిషి కోపంలో ఏమన్నాడు, ఏ ఉద్దేశంతో అన్నాడు, ఆ ఇంట్లో ఇంకెవరి బతుకు దాని మీద ఆధారపడి ఉంది అన్నవి ముఫ్తీ అడిగి తెలుసుకుంటారు. యంత్రం రాసి పంపిన ప్రశ్నకే జవాబిస్తుంది, రాయని సగాన్ని తవ్వి తీసే బాధ్యత దానికి లేదు. తప్పు చెబితే అల్లాహ్ ముందు జవాబు చెప్పవలసిన భయమూ లేదు. అందుచేత విద్యాసంస్థల్లో వాడే ఏ సాధనమైనా పాఠం చెప్పటం దగ్గర ఆగి, వ్యక్తిగత తీర్పు అడిగినప్పుడు ప్రశ్నను ముఫ్తీకి అప్పగించేలా ఉండాలన్నది నాకు రాజీపడరాని నియమంగా కనిపిస్తుంది.

ఇమామ్ మాలిక్ (మరణం 795) దూరప్రాంతాల నుంచి వచ్చి అడిగిన ఎన్నో ప్రశ్నలకు తనకు తెలియదని నిస్సంకోచంగా చెప్పి పంపిన ఉదంతాలు ఉన్నాయి. మదీనా నగరపు మహాపండితుడు ఆ మాట అనగలగటాన్ని విద్యార్థులు జ్ఞానంలో భాగంగానే నేర్చుకున్నారు. భాషా నమూనాలకు అతి కష్టమైన పని ఇదే. అడిగినవారిని ఖాళీగా పంపకుండా ఏదో ఒకటి చెప్పేలా వాటి శిక్షణ సాగింది. ఆధారం దొరకనప్పుడు ఆగిపోయి, దొరకలేదని చెప్పేలా వాటిని మలచవచ్చు. ఇస్లామీయ విద్యకోసం తయారయ్యే ఏ సాధనాన్నైనా ఎన్ని జవాబులు చెప్పింది అన్నదానితో కాక, ఎక్కడ ఆగవలసి ఉందో అక్కడ ఆగిందా అన్నదానితో ముందుగా పరీక్షించాలి.

పిల్లల గొంతు, ఖారీల గొంతు

మత నైతికత అనగానే చాలామంది జవాబు హలాలా హరామా అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. సాధనం తయారైన తీరు, అది దాచుకునే సమాచారం కూడా నైతిక ప్రశ్నలే. పఠనం వినే యాప్ దగ్గర పిల్లల గొంతులు నమోదవుతాయి. ఏ వయసు, ఏ ఊరు, రోజులో ఎప్పుడు చదువుతారు, ఎక్కడ తడబడతారు అన్నవి చేరుతాయి. చాట్‌బాట్‌ను విద్యార్థి అడిగే ప్రశ్నల్లో తన విశ్వాసం గురించిన సందేహాలు, ఇంటి రహస్యాలు ఉంటాయి. ఇతరుల గుట్టు ఆరా తీయవద్దన్న ఖురాన్ ఆదేశం (49:12), నమ్మి అప్పగించిన అమానత్‌ను కాపాడాలన్న ఆదేశం ఇక్కడ నేరుగా వర్తిస్తాయి. ఆ రికార్డింగులు ఎక్కడ దాస్తున్నారు, ఎంతకాలం, మరో వ్యాపార అవసరానికి అమ్ముతున్నారా అన్నవి తల్లిదండ్రులకు వారి భాషలో చెప్పకుండా ఖురాన్ పేరుతో సేకరించటం అమానత్‌లో ద్రోహమే. ఉత్పాదక కృత్రిమ మేధను తరగతి గదిలో వాడటంపై యునెస్కో 2023 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు కనీస వయసు 13 ఏళ్లు ఉండాలని సూచించాయి. మక్తబ్‌లకు (ప్రాథమిక మత పాఠశాలలకు) వచ్చే పిల్లల్లో చాలామంది అంతకన్నా చిన్నవారు.

గొంతును అనుకరించే సాంకేతికత మరో ప్రశ్న తెచ్చింది. గతించిన ప్రసిద్ధ ఖారీ (ఖురాన్ పఠితుడి) గొంతుతో, ఆయన ఎన్నడూ చదవని సూరాను యంత్రం చేత పలికించవచ్చు. వినటానికి మధురంగా ఉన్నా అది ఎవరి తిలావత్? హనఫీ గ్రంథాల్లో దీనికి దగ్గరైన చర్చ ఒకటి ఎప్పుడో జరిగింది. సజ్దా (సాష్టాంగం) చేయవలసిన ఆయతును చిలుక నోటో, ప్రతిధ్వనిగానో వింటే సజ్దా తప్పనిసరి అవుతుందా అన్నది ఆ చర్చ. వివేకంతో పలికే పఠితుడు లేడు కనుక కాదన్నది వారిలో ప్రబలమైన అభిప్రాయం. యంత్రం పలుకును పాఠం కోసం వినిపించవచ్చునేమో గానీ, దాన్ని ఒక ఖారీ పఠనంగా చూపటం ఆయన పేర అబద్ధం చెప్పటమే. పిల్లల పాఠాలకు బొమ్మలు తయారుచేసే సాధనాల విషయంలోనూ ఇటువంటి హద్దే ఉంది. ప్రవక్తల రూపాలను చిత్రించటాన్ని అత్యధిక ఉలమా (పండితులు) నిషేధిస్తారు. అడిగిందే తడవుగా ముఖాలు గీసి ఇచ్చే సాధనాన్ని సీరత్ (ప్రవక్త జీవితచరిత్ర) పాఠానికి వాడే ఉపాధ్యాయుడు ముందుగానే ఆ దారి మూయాలి.

యంత్రం నేర్చుకున్న పాఠంలోని పక్షపాతం సంగతి కూడా మరువరాదు. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన అబూబకర్ అబీద్, జేమ్స్ జూ మరొకరితో కలిసి, ఇద్దరు ముస్లింలు ఒకచోటికి నడిచి వచ్చారన్న అర్థం వచ్చే అసంపూర్ణ వాక్యాన్ని జీపీటీ-3 అనే భాషా నమూనా చేత పూర్తి చేయించారు. వంద ప్రయత్నాల్లో 66 సార్లు అది హింసతో ముగిసింది. ఆ తర్వాతి నమూనాలను సరిదిద్దటానికి తయారీ సంస్థలు శ్రమించాయి, పైకి కనిపించే మొరటుతనం తగ్గింది. కానీ ఒక సముదాయం గురించి ఇతరులు రాసిన దాని నుంచే ఎక్కువ నేర్చుకున్న యంత్రం, ఆ సముదాయపు పిల్లలకు వారి ధర్మాన్ని బోధించే స్థానంలో నిలబడటం ఎంత సున్నితమైన విషయమో ఈ ఉదాహరణ చూపిస్తుంది. అబుధాబి నుంచి 2023లో వెలువడిన జైస్ వంటి అరబీ నమూనాల అవసరం అందుకే ఉంది. అయితే భాష అరబీ అయినంత మాత్రాన ఆధారం ప్రామాణికం అయిపోదు.

ఎవరు సరిచూడాలి

విద్యార్థి పక్షాన ఉన్న బాధ్యత ఒకటుంది. యంత్రం రాసిన వ్యాసాన్ని తన పేరుతో అప్పగించటం మోసం. తడిసిన ధాన్యాన్ని పొడి ధాన్యం కింద దాచి అమ్ముతున్న వర్తకుడితో, మోసం చేసేవాడు మనవాడు కాడని ప్రవక్త (స) అన్న సందర్భం సహీహ్ ముస్లింలో ఉంది. ఇమామ్ గజాలీ (మరణం 1111) షరీఅత్ కాపాడదలచిన ఐదింటిలో బుద్ధిని ఒకటిగా లెక్కించారు. అరబీ వాక్యాన్ని తానే విడదీసి అర్థం చేసుకునే శ్రమను పూర్తిగా యంత్రానికి వదిలేసిన విద్యార్థి ఆ బుద్ధిని వాడక మొద్దుబార్చుకుంటాడు.

సంస్థల పక్షాన చేయవలసింది ఇంకా ఎక్కువ. ఇస్తాంబుల్‌లో 1727లో ఇబ్రాహీమ్ ముతఫర్రికాకు అచ్చుయంత్రానికి అనుమతి దొరికినప్పుడు ఖురాన్, హదీసు, తఫ్సీర్, ఫిఖ్హ్ గ్రంథాలను మినహాయించారు. అనుమతించిన పుస్తకాలను కూడా సరిచూడటానికి పండితులను నియమించారు. మినహాయింపు కాలక్రమంలో తొలగిపోయింది, సరిచూసే పద్ధతి మాత్రం నిలిచింది. 1924 నాటి కైరో ముస్‌హఫ్ (ఖురాన్ ప్రతి) పండితుల సంఘం పర్యవేక్షణలో వెలువడింది. మదీనాలో 1984లో ప్రారంభమైన కింగ్ ఫహద్ ముద్రణాలయంలో ముస్‌హఫ్ పాఠాన్ని నిపుణులు సరిచూస్తారు. కృత్రిమ మేధ సాధనాలకు ఇటువంటి సంఘాలు ఇంకా అరుదు. 2021 నవంబరులో 193 దేశాలు ఆమోదించిన, కృత్రిమ మేధ నైతికతపై యునెస్కో సిఫార్సు, అదే విషయంపై 2023 జనవరిలో వాటికన్‌లో ఇస్లామీయ పండితుడు షేఖ్ అబ్దుల్లాహ్ బిన్ బయ్యా కూడా సంతకం చేసిన రోమ్ పిలుపు పారదర్శకతను, బాధ్యతను, మనిషి పర్యవేక్షణను కోరుతున్నాయి. అవి సాధారణ సూత్రాలు. ఏ పఠనంతో శిక్షణ ఇచ్చారు, ఏ ముద్రణలోని హదీసు సంఖ్యలు వాడారు, బలహీనమైన హదీసును బలహీనమని చెబుతోందా, మజ్‌హబ్‌లను విడిగా చూపుతోందా అన్న పరీక్షలను మాత్రం తజ్వీద్, హదీసు, ఫిఖ్హ్ పండితులే ఇంజనీర్లతో కూర్చుని రాయాలి. ఒకసారి పరీక్షించి ముద్ర వేస్తే సరిపోదు, ఎందుకంటే అచ్చయిన ముస్‌హఫ్ మారదు గానీ యంత్రం నవీకరణ జరిగిన ప్రతిసారీ మారుతుంది.

ఇజాజత్ విషయంలో మటుకు సందిగ్ధం లేదు. ఖురాన్‌ను మొదటి నుంచి చివరి వరకు ఉస్తాద్‌కు వినిపించి, ఆయన ద్వారా ప్రవక్త (స) వరకు వెళ్లే పరంపరలో తన పేరు చేర్చుకోవటమే ఇజాజత్. దూరంగా ఉన్న ఉస్తాద్‌కు ఫోన్‌లోనో వీడియోలోనో వినిపించటాన్ని అనేకమంది ఖారీలు నేడు అంగీకరిస్తున్నారు, ఎందుకంటే అవతల వింటున్నది తన ఉస్తాద్ నుంచి విన్న మనిషే. యాప్ సాయంతో వెయ్యిసార్లు తిరగేసుకున్న విద్యార్థి ఆ ఉస్తాద్ ముందుకు మరింత సిద్ధపడి వస్తాడు, ఆయన సమయం కూడా తప్పిపోయిన పదాల కన్నా అక్షరాల జన్మస్థానాల మీద, అర్థం మీద ఖర్చవుతుంది. ధ్రువపత్రంలో ఉల్లేఖకుల వరుస రాసేటప్పుడు మాత్రం యాప్ పేరుకు అందులో గడి లేదు.